పంజర పాలన

అయ్యా, మీ ఇంట్లోనూ బాల్కనీ ఉండే ఉంటుంది. అందులో మీకంటూ ఓ కుర్చీ, చేతిలో టీ గ్లాసు, సాయంత్రం ఓ అరగంట ప్రశాంతత మీ జన్మహక్కని మీరూ నమ్మే ఉంటారు. నేనూ నమ్మాను. షేక్‌పేటలో మా బాల్కనీ నుంచి గోల్కొండ కోట కాస్త కనిపిస్తుంది. ఆ కాస్తకీ అడ్డంగా ఇప్పుడో పంజరం వేలాడుతోంది. నా కుర్చీకి గ్యాస్ సిలిండర్ పక్కకు బదిలీ అయింది.

ఈ మహావిపత్తుకు మూలపురుషుడు మా బావమరిది. ముర్గీ చౌక్‌లో జత లవ్ బర్డ్స్ కొని, "బావా, ఒక్క నెల చూస్తుండు" అని మా కొక్కేనికి తగిలించి పోయాడు. ఆ ఒక్క నెలకు ఇప్పుడు పధ్నాలుగో నెల. చట్టాన్ని ఆశ్రయించాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెంచడం నేరం. కానీ ఇవి రామచిలుకలు కావు, ఆస్ట్రేలియా సంతతి. ఆ చట్టం నాకు అక్కరకు రాలేదు.

వాటి వైభోగం వినండి. షుగరుందని డాక్టరు నన్ను కొర్రలు తినమన్నాడు. అవి తినేదీ కొర్రలే. తెచ్చిన కిలోలో ముందు వాటి వాటా, మిగిలితే నాది. ముక్కు అరగదీసుకోవడానికి సముద్రఫేనం, నంజుకోవడానికి కొత్తిమీర, స్నానానికి పళ్లెం, రాత్రి పంజరం మీద కప్పడానికి నా పట్టంచు పంచె. ఊదేసిన పొట్టు ఉప్మాలో, దేవుడి గూట్లో, నా కళ్లజోడు పెట్టెలో. పేపరేమో నేను సంపాదకీయం చేరేలోపే పంజరం అడుగున చేరుతుంది. దానిమీద వాటి అభిప్రాయం అవి వెలిబుచ్చుతాయి. చాలాసార్లు నాదీ అదే.

సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఊరెళ్లారు. "మరి పిట్టలకెవరు?" అన్న జాతీయ సమస్య తలెత్తింది. నన్ను దిగబెట్టి పోయారు. అరిసెలు మాత్రం వచ్చేటప్పుడు తెస్తామన్నారు. డబ్బా తెచ్చారు.

కంచర్ల గోపన్న గత జన్మలో ఓ చిలుకను పంజరంలో పెట్టిన పాపానికే రామదాసై తానీషా చెరలో పన్నెండేళ్లు మగ్గాడని మన పెద్దల కథ. ఆ చెరసాల ఉన్న కోటే పంజరం సందుల్లోంచి రోజూ నన్ను చూస్తోంది. నా పద్దు పెరుగుతోందని మా ఆవిడకు సవినయంగా నివేదించాను. "వచ్చే జన్మ సంగతి తర్వాత, ముందు వాటి నీళ్లు మార్చండి" అంది.

ఈలోగా వాటికి కట్టిన కుండలో గుడ్లు వెలిశాయి. పద్దెనిమిది రోజుల్లో పొదగడం పూర్తి, జనాభా మూడింతలు.

రామదాసు బాకీ తీర్చి విడిపించడానికి రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చారట. నిన్న సాయంత్రం మా తలుపూ ఇద్దరు తట్టారు. ఆశగా తీశాను. ఒకడు బావమరిది, రెండోవాడు ఆటో అతను. ఇద్దరి మధ్యా ఇంతకు రెట్టింపు పంజరం.

ఆటో బాకీ నేనే తీర్చాను.