ఆ రెండు చేతులూ ఎవరివి?

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన బడులు మామూలుగా తెరిచేది జూన్ 12న. అంటే భూమిని కాపాడాల్సిన రోజున పిల్లలంతా అమ్మమ్మగారింట్లో మామిడిపళ్లు తింటూ ఉంటారు. అయినా ఫర్వాలేదు, బడి తెరిచాక ఏదో ఒక శనివారం ‘పర్యావరణ పరిరక్షణపై పోస్టర్ల పోటీ’ పెట్టేస్తారు. చార్టు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. గంటన్నర టైము. ఆ గంటన్నరలో ఎన్ని చార్టులుంటే అన్ని భూగోళాలు పుడతాయి.

ప్రతి భూగోళాన్నీ రెండు చేతులు పట్టుకుని ఉంటాయి. సగం భూమి పచ్చగా ఉండి, దాని మీద ఇల్లు, ఇంద్రధనుస్సు కనిపిస్తాయి. మిగతా సగం బీటలువారి ఉంటుంది. అక్కడొక గొట్టం, దాంట్లోంచి నల్లటి పొగ. భూమికి కళ్లుంటాయి, కళ్లనిండా నీళ్లుంటాయి, నోట్లో థర్మామీటరు ఉంటుంది. ఇంటి దగ్గర వేసుకురమ్మన్న పోటీ అయితే ఈ బొమ్మ వేసేది అమ్మ. మరీ తీరికలేని అమ్మ అయితే యూట్యూబ్ చూసి వేస్తుంది. న్యాయనిర్ణేతలు కళ్లజోడు సవరించుకుని ‘ఎంత గొప్ప సందేశం!’ అంటారు.

నా పేచీ ఆ గొట్టంతోనే. ఏ పోస్టరులోనూ దానికి బోర్డు ఉండదు. అది ఏ ఊళ్లో ఉందో, ఎవరిదో, అనుమతి ఎవరిచ్చారో తెలియదు. పుట్టగొడుగులా దానంతటదే మొలిచినట్టుంటుంది. చెట్టును నరికే గొడ్డలిని వేస్తారు గానీ, దాన్ని పట్టుకున్నవాడి ముఖం వెయ్యరు. ఇంత పెద్ద నేరం జరిగిన బొమ్మలో నేరస్తుడు లేకపోవడమే ఈ కళ ప్రత్యేకత.

పటాన్‌చెరునే తీసుకోండి. అక్కడి మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. డాక్టరు చీటీ అక్కర్లేకుండా, ఉచితంగా, వాగులోని కప్పకు కూడా అందిన వైద్యం ఇది. పోస్టరుకు ఇంతకంటే మంచి విషయం దొరుకుతుందా? కానీ పోటీలో మనకు కనిపించేది అమెజాన్ అడవి, ధ్రువపు ఎలుగుబంటి. మంచుముక్క మీద నిలబడ్డ ఆ ఎలుగుబంటికి మన జిల్లాలో బంధువులెవరూ లేరు, కోర్టుకెక్కదు, షీల్డు స్పాన్సరు చేసినవాళ్ల మనసూ నొప్పించదు.

ఇక బహుమతి ప్రదానోత్సవం. వేదిక వెనక ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని ఫ్లెక్సీ, అదీ ప్లాస్టిక్కే. దాని ముందు థర్మకోల్‌తో కోసిన అక్షరాలు. అలంకరణ థర్మకోల్‌నూ, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లనూ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ‘మాది 100 మైక్రాన్ల పైనేనండీ’ అని నిర్వాహకులు ధీమాగా చెబుతారు. కొలిచి చూసే నాథుడు ఏ సభకూ రాడు కాబట్టి అది సత్యమే. ఆంధ్రప్రదేశ్‌లోనైతే అసలు ఫ్లెక్సీలే ఉండవని 2022 ఆగస్టులో నాటి ముఖ్యమంత్రి విశాఖపట్నంలో ప్రకటించారు. నవంబరు 1 అన్నారు, ఆ తర్వాత అది 2023 జనవరి 26కి జరిగింది. దాని సంగతి ఏ కూడలిలోనైనా తలెత్తి చూసుకోండి. ముఖ్య అతిథికి ప్లాస్టిక్ కాగితం చుట్టిన బొకే, పాల్గొన్న ప్రతి పిల్లవాడికీ లామినేషన్ చేసిన ప్రశంసాపత్రం. పచ్చదనం ఉన్నా లేకపోయినా ఆ పత్రం మాత్రం మునిమనవల దాకా చెక్కుచెదరదు.

‘పోనీండి, పిల్లల్లో అవగాహన పెరుగుతుంది కదా’ అంటారు. అవగాహనకేం తక్కువ? పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చెయ్యమని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. బడుల్లో హరితదళాలు 2001 నుంచే ఉన్నాయి. అప్పుడు చార్టు మీద చెట్టు వేసిన పిల్లలకు ఇప్పుడు నలభై ఏళ్లు అటూ ఇటూ. చెరువు శిఖంలో వెంచరు వేసేవాళ్లూ, దానికి సంతకం పెట్టేవాళ్లూ, అందులో ప్లాటు కొని గృహప్రవేశం చేసుకునేవాళ్లూ ఆ ఈడువాళ్లే. అందరికీ అవగాహన ఉంది. కొందరి దగ్గర సర్టిఫికెట్టు కూడా ఉండొచ్చు.

బొమ్మలో నేరస్తుడు కనబడితే ఏమవుతుందో 2025లో చూశాం. మార్చి నెలాఖరున, ఉగాది సెలవుల్లో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగాయి. అడ్డుపడ్డ విద్యార్థులను పోలీసులు వ్యాన్లెక్కించారు, కేసులు పెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ తర్వాత విద్యార్థుల మీది కేసులు ఎత్తేస్తామని ప్రభుత్వం చెప్పింది. ఈలోగా కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు కొన్ని తిరిగాయి, వాటిలో కొన్ని జనాన్ని తప్పుదారి పట్టించిన మాటా నిజమే. కానీ ఒక బొమ్మ మాత్రం చూడగానే కార్టూన్ సినిమా అని తెలిసిపోతుంది. అందులో బుల్‌డోజర్లు, వాటి ఎదురుగా నెమలి, జింకలు. దాన్ని సామాజిక మాధ్యమంలో పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి పోలీసు నోటీసు వెళ్లింది. మన ప్రభుత్వాలకు చిత్రకళ తెలియదని ఎవరన్నారు? కన్నీరు కార్చే భూగోళానికి షీల్డు, బుల్‌డోజరు బొమ్మకు నోటీసు. ఇంతకంటే నిక్కచ్చిగా మార్కులు వేసే జడ్జిలు ఎక్కడ దొరుకుతారు?

ప్రధానోపాధ్యాయులకు ఒక్క మనవి. వచ్చే ఏడాది పోటీకి ఒకే ఒక్క నిబంధన పెట్టండి. బడి గేటు నుంచి నడిచి వెళ్లి చూడగలిగిన దాన్నే బొమ్మ వెయ్యాలి, దాని పేరు కింద రాయాలి. చెరువైతే చెరువు పేరు, గొట్టమైతే గొట్టం మీదున్న బోర్డు. గెలిచిన పోస్టర్లను స్టాఫ్ రూములో కాకుండా పంచాయతీ ఆఫీసు గోడకో, మున్సిపల్ ఆఫీసు గోడకో అంటించండి. అప్పటికీ స్పాన్సరు ఎవరైనా మిగిలితే, మొదటి బహుమతి వాళ్లకే ఇచ్చెయ్యండి.