మూత కింది పేర్లు

నేనొక టేకు పెట్టెను. నా లోపల సగం మనిషి ఉంటాడు. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో మొదటి ఏడు చదివినవాళ్లకు ఈ మాట వింతగా తోచదు. వాళ్లకు నేను బోన్ సెట్‌ను. ఒంట్లో ఎముకలు 206. కుడిచెయ్యి చదివితే ఎడమచెయ్యి వచ్చినట్టే గనుక ఒక పక్క ఎముకలే పెట్టి, పుర్రె, వెన్నుపూసలు కలిపి అమ్మేవారు. అందుకే అది హాఫ్ సెట్. ఏడు గడిచాక సీనియర్ దాన్ని జూనియర్‌కు అమ్ముతాడు. కొన్నవాడు మూత లోపలివైపు పేరూ బ్యాచూ రాసుకుంటాడు.

నా మూత కింద మొదటి పేరు మంథని పిల్లవాడిది, 1968 బ్యాచ్. మరుసటేడే తెలంగాణ ఉద్యమం లేచి కాలేజీలు మూతబడ్డాయి. హాస్టల్ ఖాళీ అయ్యింది. కాజీపేటలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, బస్సు టాపు మీద మంథని చేరాను.

అది వేదం చెప్పుకునే ఇల్లు. నాయనమ్మ గడపలో అడ్డం నిలబడింది. “పీనుగు బొక్కలు ఇంట్లకు తెస్తవారా? మడి లేదు, ఏం లేదు!” బాపు ఏమీ అనకుండా పశువుల కొట్టం చూపించాడు. కందిలి వెలుగులో పిల్లవాడు తొడ ఎముక పట్టుకుని, ఏ గీతకు ఏ కండరం అతుకుతుందో పైకి వల్లెవేసేవాడు. వసారాలో వేదపాఠం, కొట్టంలో ఇది. రెండూ కంఠస్థమే మరి.

ఒకనాడు బాపు కొట్టంలోకి వచ్చాడు.

“ఎవరివిరా ఇవి?”

“తెల్వదు బాపూ. కలకత్తా నుంచి వస్తయట.”

“పేరు, గోత్రం?”

పిల్లవాడు నవ్వాడు. బాపు నవ్వలేదు. ఆ ఏడు పెత్రమాస నాడు గౌతమేశ్వర స్వామి గుడి దగ్గర గోదావరిలో దిగి, తన పెద్దలకు నువ్వులూ నీళ్లూ విడిచాడు. చివర్లో దిక్కులేనివాళ్ల కోసం విడిచే దోసిలి ఒకటుంటుంది. అది నా లోపలి మనిషికని చెప్పి మరీ విడిచాడు. మూత కింద పేర్లు చేరుతూ పోయాయి గానీ ఆ మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. నన్ను అమ్మేటప్పుడు మంథని పిల్లవాడు ఈ కథ కూడా చెప్పాడు. కొన్నవాడు తన జూనియర్‌కు చెప్పాడు. అలా కథ కూడా నాతోపాటే చేతులు మారింది.

ఆ తర్వాత డిగ్రీ కాగితం మీద ఉస్మానియా పోయి కాకతీయ వచ్చింది, అదీ పోయి విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది, ఇప్పుడు కాళోజీ పేరిటి విశ్వవిద్యాలయం ఉంది. నేను మాత్రం అదే పెట్టెను. ప్లాస్టిక్ ఎముకలు వచ్చాక నన్ను అడిగేవాళ్లు లేకపోయారు. చివరి పేరు రాసిన అమ్మాయి మూత ఫొటో తీసి వాట్సాప్‌లోకి వదిలింది. “వీళ్లంతా ఎక్కడున్నారు?”

కరీంనగర్ నుంచి ఒకరు పలికారు, ఆదిలాబాద్ నుంచి ఒకరు, డెట్రాయిట్ నుంచి ఒకరు. బ్యాచ్ కలయికలు ఒకే ఏడు చదివినవాళ్లవి. నావాళ్లు అలా కాదు. ఒక్కొక్కరికీ తెలిసింది ముందువాడూ తర్వాతివాడే. తాతంత సీనియర్‌నూ మనవరాలంత జూనియర్‌నూ ఒకచోట కూర్చోబెట్టింది నేనే. కొంచెం గర్వపడితే తప్పేముంది?

గ్రూపులో మొదట ఎంజీఎం ఆసుపత్రి రాత్రి డ్యూటీలు, వైవాలో తడబాట్లు నడిచాయి. తర్వాత అసలు గొడవ మొదలైంది: పిసిఫాం పారేసింది ఎవరు? మణికట్టులోని ఎనిమిది ఎముకల్లో అది శనగగింజంత. దాని చోట ఎవరో చింతగింజ పెట్టారు. పెద్ద సర్జన్లూ ప్రొఫెసర్లూ ఒకరి మీద ఒకరు నేరం మోపుకున్నారు.

ఆ అమ్మాయి దగ్గరి నుంచి తిరిగొచ్చి, నేనిప్పుడు మంథనిలోనే, మొదటి యజమాని క్లినిక్‌లో ఉన్నాను. 2022లో రామగుండంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది గదా, నన్ను అక్కడికి ఇద్దామని ఆయన ఆలోచన. డెట్రాయిట్ ఆయనేమో అక్కడి పూర్వ విద్యార్థుల సభకు నన్ను పంపమన్నాడు. కుదరదు. 1985లోనే మన దేశం మనిషి ఎముకల ఎగుమతి ఆపేసింది. అంతకుముందైతే పైదేశాల పిల్లలు ఎందరో కలకత్తా ఎముకల మీదే చదువుకున్నారు.

“అయితే మూత ఒక్కటన్నా పంపుండ్రి” అన్నాడాయన.

డాక్టరుగారు వడ్లాయనను పిలిపించారు. అతను బందులు తట్టి చూసి, “ఊడుతది సారూ, మల్ల సక్కగ కూసోదు” అన్నాడు. నన్నెవరూ అడగలేదు. మూత పంపడం లేదని రాస్తే డెట్రాయిట్ ఆయన రెండు రోజులు అలిగి, తర్వాత విమానం టికెట్టు కొన్నాడు. మంథని వచ్చి పిసిఫాం సంగతి తేల్చే పోతాడట.