సర్దుడు రాయుడు

ఇల్లు చిందరవందరగా ఉందంటే ఆ ఇంట్లో బద్ధకస్తులున్నారని లోకం అనుకుంటుంది. పొరపాటు. బద్ధకస్తుడి ఇంట్లో ఒక క్రమం ఉంటుంది. విప్పిన చొక్కా కుర్చీ మీదే ఉంటుంది, కళ్లజోడు టీవీ పక్కనే ఉంటుంది, కావాల్సినప్పుడు చెయ్యి చాపితే దొరుకుతాయి. అసలు భయపడాల్సింది సర్దేవాడికి. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, హాలు మధ్యలో నిలబడి "ఇవాళ ఈ కొంప సంగతి తేల్చేస్తాను" అంటాడే, ఆ మనిషికి. పేకాట రాయుళ్లని పోలీసులు పట్టుకుంటారు, పేపర్లో ఫోటో కూడా వేస్తారు. ఈ సర్దుడు రాయుళ్లని పట్టుకునే నాథుడు లేడు.

మా బావ ఈ కోవలో అగ్రగణ్యుడు. హైదరాబాదులో రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో బావ, మా అక్క, మా మేనకోడలు, మిగతా అంతా సామాను. బావకి దుమ్మంటే గిట్టదు. ఎవరింటికి వెళ్లినా కిటికీ చట్రం మీద వేలితో గీసి, ఆ వేలు కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తాడు. ఆ ఇంటివాళ్లు మళ్లీ పిలవరు. ఇంత శుభ్రత తెలిసిన మనిషి ఇల్లు తళతళలాడాలి కదా? తిరకాసల్లా ఒక్కటే. అతనికి సర్దడమంటే ప్రాణం, పారెయ్యడమంటే ప్రాణసంకటం. ఈ రెండూ ఒక్క మనిషిలో కలిస్తే సామాను ఇంట్లోనే తీర్థయాత్రలు చేస్తుంది. హాల్లోది పడగ్గదికి, పడగ్గదిది అటక మీదికి, అటక మీదిది "ఒకసారి దులిపి పెడదాం" అని మళ్లీ హాల్లోకి.

శనివారం రాత్రి భోజనాల దగ్గర ప్రకటన వెలువడుతుంది. "రేపు నన్నెవరూ కదపొద్దు." మా అక్క మజ్జిగ పోస్తూ ఆగి, "ఏవండీ, రేపు మా పిన్నివాళ్లింటికి వెళ్దామా?" అని ఆఖరి ప్రయత్నంగా అడుగుతుంది. లాభం ఉండదు. తెల్లారాక పెసరట్టు తిని, కాఫీ తాగి, పేపరు చదివి, పదింటికి రంగంలోకి దిగుతాడు. ముందు బూజుకర్ర కావాలి. బూజుకర్ర బాల్కనీలో మడత మంచం వెనకాల ఉంటుంది. మడత మంచం ముందు పాత కూలరు, కూలరు మీద అట్టపెట్టెలు. ఇవన్నీ హాల్లోకి వచ్చి చేరాక బూజుకర్ర బయటపడుతుంది. అప్పటికి పదకొండు దాటుతుంది. బూజు ఎక్కడిది అక్కడే ఉంది, హాల్లో కాలు పెట్టడానికి మాత్రం చోటు లేదు.

తరవాత అలమర. అరల్లో పరిచిన పాత పేపర్లు తీసి కొత్తవి పరవాలి. ఐదు నిమిషాల పని. కానీ పాత పేపరు చేతికి రాగానే దాన్ని మడిచి అవతల పెట్టిన మగాడు తెలుగుదేశాన ఇంకా పుట్టలేదు. బావ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. "ఏమోయ్, ఇలా రా! 2011 ఏప్రిల్ 3 పేపరు. ధోనీ సిక్సరు కొట్టి వరల్డ్ కప్పు గెలిపించిన మర్నాటిది!" వంటింట్లోంచి పోపు చిటపటల మధ్య మా అక్క గొంతు: "గెలిచారుగా, ఇంక లేవండి." లేవడు. ఆట మొత్తం చదువుతాడు, వెనక పేజీలో పెళ్లిసంబంధాలు చదువుతాడు, బంగారం ధర చూసి గుండె పట్టుకుంటాడు. చివరికి ఆ పేపరు పరవడానికి పనికిరాదు, పారెయ్యడానికి అసలే పనికిరాదు, దాచాల్సిందే. కొత్త పేపరు కింద పాత పేపరు పరిచి, దాని మీద దుప్పట్లు పెడతాడు. ఆ అరలో అలాంటివి అరడజను ఉన్నాయి, ఒక్కో పేపరు ఎత్తుతున్న కొద్దీ దేశ చరిత్ర వెనక్కి నడుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం బావని తప్పు పట్టలేను. దేవుడి బొమ్మలు. మన పెళ్లి శుభలేఖ మీద వినాయకుడు ఉంటాడు, లేకపోతే వెంకటేశ్వరస్వామి, కాస్త డబ్బున్నవాళ్లయితే ఇద్దరూ. ఆ పెళ్లికొడుక్కి ఇప్పుడు బడికెళ్లే పిల్లలున్నారు, అయినా శుభలేఖని చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాదు. తిరుమల క్యాలెండరు ఏటా కొత్తది వస్తుంది, పాతది పోదు. ఊళ్లో ఉన్నప్పుడు ఇలాంటివి రావిచెట్టు మొదట్లో పెట్టి దణ్ణం పెట్టుకునేవాళ్లం, గోదావరి దగ్గరైతే గోదావరిలో వదిలేవాళ్లం. హైదరాబాదులో ఏం చేస్తాం? మూసీలో వేస్తే చెత్తబుట్టలో వేసినదానికంటే పెద్ద అపచారం. అందుకని అవన్నీ ఒక సంచిలో దేవుడి అలమర పక్కన ఏళ్ల తరబడి ఉన్నాయి. మొన్న చూస్తే బావ వాటిని సంవత్సరాల వారీగా సర్దాడు.

ఇక కవర్లు. వంటింటి తలుపు వెనక మేకుకి ఒక పెద్ద కవరు వేలాడుతుంటుంది, దాని నిండా కవర్లు. ఇది తెలుగువాళ్ల ఇళ్లన్నిటా ఉన్నదే. బావ ఇంట్లో మాత్రం అలాంటివి నాలుగు మేకులున్నాయి. "ఇవి ఇప్పుడు దొరకవోయ్ బావమరిదీ. 2022 డిసెంబరు ఆఖరు నుంచి 120 మైక్రాన్లకి తక్కువున్న క్యారీ బ్యాగుల మీద నిషేధం" అన్నాడు, ఒక పలచటి కవరుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని. ప్రభుత్వం నిషేధించింది కనక ఇంట్లోంచి పంపెయ్యమని మా అక్క వాదన, నిషేధించింది కనక భద్రం చెయ్యాలని బావ వాదన. వైర్ల పెట్టె సంగతీ అంతే. సన్న పిన్ను నోకియా చార్జరు దగ్గర్నుంచి ఎన్ని తరాల చార్జర్లున్నాయో! వాటికి సరిపడే ఫోన్లలో ఒక్కటి కూడా ఇప్పుడు ఇంట్లో లేదు. నోట్ల రద్దయ్యాక చాలా ఏళ్లకి పట్టుచీర మడతలోంచి మూడు పాత వెయ్యి నోట్లు రాలితే, మా అక్క ఉసూరుమంది. బావ మాత్రం ఆనందించాడు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం రద్దయిన నోట్లు పది దాకా దగ్గర ఉంచుకోవచ్చట, కనక దాచడానికి ఏ అడ్డూ లేదట.

ఈ బాధ చూడలేక మా మేనకోడలు ఒకసారి మేరీ కొండో అనే జపాను ఆవిడ కార్యక్రమం నెట్‌ఫ్లిక్స్‌లో చూపించింది. 2019లో వచ్చిన ఆ కార్యక్రమం చూసి దేశదేశాల వాళ్లు బీరువాలు ఖాళీ చేసుకున్నారు. ఆవిడ పద్ధతి తేలిక. వస్తువుని చేతిలోకి తీసుకోవాలి, మనసుకి సంతోషం కలిగితే ఉంచుకోవాలి, కలగకపోతే దానికి థాంక్స్ చెప్పి సాగనంపాలి. ముందు బట్టలు, తరవాత పుస్తకాలు, కాయితాలు, చిల్లర సామాను, జ్ఞాపకాలతో ముడిపడ్డవి అన్నిటికంటే ఆఖర్న. ఇంట్లో బట్టలన్నీ, ఒక్కటి వదలకుండా, ఒకేసారి కుప్ప పొయ్యాలి. మిగతావి ఏమోగానీ ఈ కుప్ప పోసే సంగతి బావకి బాగా నచ్చింది.

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. రెండు బీరువాలూ, సూట్‌కేసులూ, దండెం మీద ఆరేసినవీ అన్నీ మంచం మీదికి వచ్చాయి. కుప్ప మీదికి చూస్తే ఫ్యాను రెక్కలు దగ్గరగా కనబడ్డాయి, మా అక్క పరిగెత్తి స్విచ్చి కట్టేసింది. బావ అడుగునుంచి ఒకటి లాగాడు. తన పెళ్లిలో పెట్టిన సఫారీ సూటు. రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "సంతోషంగా ఉంది" అన్నాడు. అది ఎంత గాలి పీల్చినా అతని పొట్ట దగ్గర కలవదు. తరవాత మోకాలి దగ్గర చిరిగిన పైజమా. సంతోషంగానే ఉంది. జత తప్పిన మేజోడు. "దీని జత ఎక్కడో ఉండే ఉంటుంది" అని దానికి ధైర్యం చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి సంతోషం కలిగించనిది ఒక్కటే తేలింది, మా అక్క పోయిన దసరాకి కొనిచ్చిన కొత్త చొక్కా. ఆరింటికి మా అక్క చీపురు పట్టుకుని వచ్చేసరికి బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "దీపాలు పెట్టే వేళ. ఇప్పుడు ఊడిస్తే లక్ష్మి వెళ్లిపోతుంది." శాస్త్రం మీద అంత పట్టింపు ఏడాదిలో మిగతా రోజుల్లో కనబడదు. ఆ రాత్రి మంచం బట్టలకి వదిలేసి, మేం నలుగురం హాల్లో కూలరు, మడత మంచం, అట్టపెట్టెల సందుల్లో చాపలేసుకుని పడుకున్నాం.

2023 జనవరిలో ఆ మేరీ కొండోయే, ముగ్గురు పిల్లలు పుట్టాక ఇల్లు సర్దడం కొంతవరకు వదిలేశానని చెప్పిందన్న వార్త చూసి బావ నాకు ఫోన్ చేశాడు. "చూశావా! ఆవిడే చేతులెత్తేసింది, నేనింకా పోరాడుతున్నాను" అన్నాడు. ఆ గొంతులో గర్వం.

భోగి మరీ తమాషా. పాత సామాను వదిలించుకోవడానికి మన పెద్దలు ఏటా ఒక రోజు పెట్టారు. అపార్టుమెంటు గేటు ముందు మంట వేస్తారు. పిల్ల పోరగా పోరగా బావ ఒక కాలు విరిగిన కొయ్య కుర్చీ భుజానేసుకుని కిందికి దిగాడు. పావుగంటలో తిరిగొచ్చాడు, భుజం మీద కుర్చీ, చంకలో ఒక పీట. కుర్చీకి కాలు ఒక్కటేగా పోయింది, మేకు కొడితే సరిపోతుందట. పీట ఎవరో మంటలో వెయ్యబోతుంటే ఆపాడట. టేకుదట.

నవ్వడం తేలికే. బావ పెరిగిన ఇంట్లో డాల్డా డబ్బా ఖాళీ అయితే తులసి మొక్కకి కుండీ అయ్యేది. నాన్న ప్యాంటు పెద్దవాడికి నిక్కరు, తరవాత చిన్నవాడి బడిసంచి, ఆఖరికి మసిగుడ్డ. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. ఏడాదికి ఒకటో రెండో వస్తువులు కొనే ఇంట్లో ఆ అలవాటు సంసారాన్ని నిలబెట్టింది. వారానికి నాలుగు కొరియర్లు దిగే ఇంట్లో అదే అలవాటు, అట్టపెట్టెతో సహా దాచమంటోంది. వచ్చే దారి వెడల్పయింది, పోయే దారి అప్పట్లో ఎంత ఉందో అంతే ఉంది.

మరి ఆ ఇల్లు ఇంకా మనుషులు తిరిగేలా ఎలా ఉంది? దానికి కారణాలు రెండు. ఒకటి, చుట్టాలు. "దార్లో ఉన్నాం" అని ఫోన్ వస్తే బావ అసలు ప్రతిభ బయటపడుతుంది. హాల్లో ఉన్నదంతా ఇరవై నిమిషాల్లో వెనక పడగ్గదిలోకి పోతుంది, తలుపుకి గడియ పడుతుంది. ఎవరైనా అటు నడిస్తే "లోపల ఏసీ వేసి ఉంది" అంటాడు. సంక్రాంతి చలిలో కూడా అదే మాట.

రెండో కారణం మా అక్క. ఆవిడ ఏ ప్రకటనా చెయ్యదు. బావ ఆఫీసుకి బయల్దేరాక, రికార్డు చేసిన గొంతుతో "పాత ఇనుము, పాత పేపర్లు కొంటాం" అని అరుచుకుంటూ బండి వీధిలోకి వస్తుంది. అక్క బాల్కనీలోంచి చెయ్యి ఊపుతుంది. పనిచేసే ఆవిడ ఒక చెయ్యి వేస్తుంది. "సారు ఇంట్ల లేని రోజే మంచిగుంటదమ్మా, ఐతారమొస్తే నాకు డబుల్ పనైతది" అని ఆవిడ ఏనాడో చెప్పేసింది. అలా కొంచెం కొంచెంగా మిక్సీ మూతలు, చార్జర్లు, వీసీడీలు, కుర్చీ, ఆ టేకు పీట గేటు దాటాయి.

బావ కనిపెట్టలేదా అని మీరు అడగొచ్చు. ఒకసారి స్టెబిలైజరు కోసం రెండు గంటలు వెతికాడు. అటకలన్నీ దింపాడు. నేను అక్క మొహం వంక చూశాను, ఆవిడ చిక్కుళ్లు తుంచుకుంటోంది. చివరికి బావ చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ఎక్కడికీ పోదులే. నేనే ఎక్కడో భద్రంగా పెట్టాను." భద్రంగా పెట్టిన వస్తువు దొరకదని అతనికి అనుభవమే, అందుకే అనుమానం రాదు. అక్కకి ఇంతకంటే మంచి సాక్షి ఏ కోర్టులోనూ దొరకడు.

మీ ఇంట్లో ఇలాంటి రాయుడు ఉంటే గొడవ పడకండి, ఉపన్యాసాలివ్వకండి, జపాను కార్యక్రమాలు అసలే చూపించకండి. ఆదివారం పొద్దున్న తలకి తువ్వాలు చుట్టకముందే రైతుబజారుకి పంపించండి. చేతికి గుడ్డసంచి ఇచ్చి మరీ పంపండి, లేకపోతే ఇంకో నాలుగు కవర్లు తెస్తాడు.