లేక్‌వ్యూ పక్షిశాస్త్రం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు తేల్చమన్నారు పెద్దలు. దాన్ని చదివే అర్హత ఎవరికి, అది దేన్ని గురించి, దానివల్ల ఒరిగేదేమిటి, వీటి మధ్య లంకె ఏమిటి. అధికారి, విషయం, ప్రయోజనం, సంబంధం అనే ఈ నాలుగూ కలిస్తే అనుబంధ చతుష్టయం. చెరువు పక్క ఇంటి బాల్కనీలో కూర్చుని పక్షుల్ని చూడడం, ఫొటోలు తీయడం అనే విద్యకు మాత్రం ఇంతవరకు ఎవరూ ఇది రాయలేదు. హైదరాబాదు చుట్టూ ఇన్ని లేక్‌వ్యూ అపార్ట్‌మెంట్లు లేచాక కూడా రాయకపోవడం పండితలోకానికి మచ్చ. అది తుడిచే పని నేనే నెత్తిన వేసుకున్నాను.

మొదట అధికారి. వేదాంతం చదవాలంటే శమదమాదులు కావాలి. దీనికి ఉద్యోగ విరమణ, మోకాళ్ళ నొప్పి, అమెరికాలో కొడుకు చాలు. మోకాళ్ళ నొప్పి లేనివాడు చెరువుగట్టు దాకా నడిచిపోతాడు, వాడికి ఈ శాస్త్రంతో పనిలేదు. ఇక కొడుకెందుకంటే, 150 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్సు పింఛను డబ్బుతో తెగేది కాదు. ఆవకాయ వెళ్ళిన సూట్‌కేసులోనే అది తిరిగొస్తుంది. సుమారు రెండు కిలోల బరువు. మోకాలికి భుజం తోడవుతుంది.

అధికారుల్లో రెండు సంప్రదాయాలున్నాయి: తూర్పు బాల్కనీవారు, పడమటి బాల్కనీవారు. తూర్పువారు వాస్తు చూసి, చదరపు అడుక్కి నాలుగు డబ్బులు ఎక్కువే పోసి కొన్నవారు. పొద్దున్నే కెమెరా పట్టుకుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఎదురెండలో ఏ పక్షైనా ఫొటోలో నల్లగానే పడుతుంది. అందుచేత తూర్పు సంప్రదాయంలో పక్షులన్నీ నీటికాకులే. పడమటివారికి వెలుతురు వెనకనుంచి వచ్చి రంగులన్నీ దక్కుతాయి కానీ, వాస్తు దోషం వల్ల ఆ ఫొటోలను ఎవరూ మెచ్చుకోరు. ఈ రెండు పక్షాలకూ లిఫ్టులో ఎదురుపడినప్పుడు జరిగే వాదాన్ని ఇక్కడ ఎత్తుకుంటే గ్రంథం పెరుగుతుంది.

రెండోది విషయం. పక్షి అనగా పావురం కానిది. లీనియస్ వర్గీకరణ ఇంకోరకంగా ఉండవచ్చు గానీ ఆయనకు బాల్కనీ శుభ్రం చేసుకునే బాధ లేదు. పావురాలు రాకుండా నైలాన్ వల కట్టించుకుని, ఆ వల కన్నంలోంచి లెన్సు దూర్చి పక్షుల కోసం ఎదురుచూడడమే ఈ శాస్త్రంలో ప్రథమ సాధన. లెన్సు కన్నంలో సరిగ్గా పడకపోతే ఫోకస్ వల మీద నిలుస్తుంది. అప్పుడు ఆరు కోణాల నైలాన్ ముడి దివ్యంగా వస్తుంది, వెనకాల గూడకొంగల గుంపు పొగమంచులా ఉంటుంది. ఆ ముడి ఫొటోలు లేని ఆల్బమ్ నేనింతవరకు చూడలేదు.

ఇక ప్రమాణాలు. కన్ను చూసిందే సత్యమనే ప్రత్యక్ష ప్రమాణం ఇక్కడ బలహీనం. గుడ్డికొంగనే తీసుకోండి. గట్టున తుంగలో మెడ ముడుచుకుని, మట్టిరంగు చారల ఒంటితో నిలబడి ఉంటుంది. మనం చూస్తూనే ఉంటాం, అది అక్కడ ఉన్నట్టు తెలియదు. దగ్గరగా ఎవరైనా వస్తే లేస్తుంది. లేచిన ఆ క్షణంలో మట్టిముద్ద కాస్తా తెల్లటి కొంగ అయిపోతుంది, ఎందుకంటే రెక్కలు, తోక, పొట్ట తెలుపే. పది అడుగులు ఎగిరి వాలి రెక్కలు మూసిందా, మళ్ళీ మట్టి. ఒకే పక్షిని రెండు పేర్లతో నోటు పుస్తకంలోకి ఎక్కించిన పండితులు మా బ్లాకులోనే ఉన్నారు.

అనుమాన ప్రమాణానికి ఉదాహరణ బుడబుంగ. నీటి మీద వలయాలున్నాయి, కాబట్టి మునిగింది. మునిగింది కాబట్టి తేలుతుంది. ఇంతవరకు తర్కం నిర్దోషం. ఎక్కడ తేలుతుందన్న దగ్గరే న్యాయశాస్త్రం చేతులెత్తేస్తుంది. కెమెరా కుడికి తిప్పినవాడికి అది ఎడమన లేస్తుంది. ఆవులాంటిది గవయం అన్నట్టు, పుస్తకంలో బొమ్మలాంటిదే చెరువులో పక్షి అనుకోవడం ఉపమానం. పుస్తకంలో పక్షి ఎప్పుడూ పక్కకు తిరిగి, కాళ్ళు కనిపించేలా నిలబడి ఉంటుంది. చెరువులోది వీపు చూపిస్తుంది.

శబ్ద ప్రమాణమంటే ఆప్తవాక్యం, అంటే అత్తగారి మాట. ఆవిడ కొల్లేటి లంకల్లో పుట్టి పెరిగిన మనిషి. ఫోన్లో రెండు యాప్‌లు, ఒక ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని నేను తేల్చలేని దాన్ని వంటింట్లోంచే తేల్చేస్తారు. ‘‘అల్లుడుగారూ, ఆ కూతకు చూడక్కర్లేదండీ, తీతువు. గుడ్లు నేల మీదే పెట్టి ఉంటుంది, ఎవరో అటు వెళ్ళుంటారు.’’ తీతువు గుడ్లు పెట్టేది నిజంగానే నేల మీద, రాళ్ళలో రాళ్ళలా కలిసిపోయేట్టు. ఎవరైనా దగ్గరికొస్తే అరుస్తూ చుట్టూ తిరుగుతుంది. యాప్ ఇంకా వెతుకుతూనే ఉంది.

అయితే ఈ శాస్త్రానికి ప్రాణం అనుపలబ్ధి. వస్తువు కనబడకపోవడం ద్వారా అది లేదని తెలుసుకోవడం. మీమాంసకుల్లో ఒక పక్షంవారు దీన్ని ఆరో ప్రమాణంగా ఒప్పుకున్నారు గానీ ఇన్ని గిగాబైట్లలో నిరూపించినవారు మనమే. నలుపు తెలుపు లకుముకిపిట్ట నీళ్ళ పైన గాల్లోనే ఆగి రెక్కలు కొడుతుంది. ఒళ్ళంతా కదులుతున్నా తల మాత్రం మేకు కొట్టినట్టు నిలిచి ఉంటుంది, కళ్ళు కింద చేప మీద. ఆ రెక్క స్పష్టంగా రావాలంటే సెకనులో రెండువేలో వంతు షట్టర్ పెట్టాలి. పెడతాం. సెకనుకు 20 ఫొటోల చొప్పున నొక్కుతాం. అది తల కిందులుగా నీళ్ళలోకి దూకే సమయానికి కెమెరా నిండిపోయి కార్డు మీద రాసుకుంటూ ఉంటుంది. రాసుకోవడం పూర్తయ్యాక తీసినవన్నీ ఉత్త నీళ్ళు. సూత్రం: చేప దొరికిన ఫొటో లకుముకిపిట్ట దగ్గరే ఉంటుంది.

ఈ లెక్కన సహకరించే పక్షి నీటికాకి ఒక్కటే. బాతు ఈకల్లా దాని ఈకలు నీటిని పూర్తిగా నెట్టెయ్యవు. తడిసి బరువెక్కితేనే లోతుకు మునగడం సులువు. పైకొచ్చాక రెక్కలు బార్లా చాపి మొండి కొమ్మ మీద ఆరబెట్టుకుంటుంది. కాఫీ తాగి వచ్చినా అక్కడే ఉంటుంది. తూర్పు బాల్కనీవారి అదృష్టం.

పూర్వాచార్యుల చరిత్ర కొంచెం. 1931-32 ప్రాంతంలో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. నమూనాల కోసం పిట్టల్ని తుపాకీతో కొట్టే కాలమది. ఆయన ఎడ్లబండి కష్టాలు పడ్డారు గానీ, పక్షి మాత్రం చేతికి దొరికేది. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు ఇంగ్లండులో కీర్టన్ సోదరులు ఎద్దు తోలుతో డొల్ల ఎద్దును తయారు చేసి, లోపల మనిషీ కెమెరా దాక్కుని పక్షుల్ని ఫొటోలు తీశారు. ఎద్దు మన లిఫ్టులో పట్టదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదు. అందుకని ఆధునికులు దండెం మీద ఆరేసిన దుప్పటి వెనక నిలబడతారు. పక్షులు పట్టించుకోవు, ఎదుటి బ్లాకువారు పట్టించుకుంటారు.

‘గట్టు మీదికే వెళ్ళి చూడొచ్చుగా’ అని పూర్వపక్షం. గుంటూరు దగ్గర ఉప్పలపాడుకు వెళ్ళిరండి, సమాధానం దొరుకుతుంది. ఊరి చెరువులో సర్కారు తుమ్మ చెట్ల నిండా గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. అంత దగ్గరగా చూస్తే పక్షితోపాటు రెట్ట కంపు, చేప కంపు, పిల్లల గోల, తల్లి గొంతులోకి తల దూర్చి తిండి లాక్కునే పిల్ల, అన్నీ వస్తాయి. ఆరువందల మిల్లీమీటర్ల లెన్సులో కంపు రాదు. సౌందర్యశాస్త్రానికి ఈ దూరం అవసరమని సిద్ధాంతం.

ప్రయోజనం ఒక వాక్యంలో చెప్పేస్తాను: అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో శుభోదయం.

మిగిలింది సంబంధం. చూసేవాడికీ చూడబడేదానికీ ఉన్న లంకె. దీన్ని దాటేద్దామనుకున్నాను, చతుష్టయం ఒప్పుకోదు. లోతుగా పరిశోధిస్తే తేలిందేమంటే, ఆ లంకె స్థలం తగాదా. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. పాతిక ఎకరాలు దాటిన చెరువైతే ఆ గీత నుంచి మరో 30 మీటర్లు ఏదీ కట్టకూడదని నిబంధన. దగ్గరకొచ్చేకొద్దీ వ్యూ బాగుంటుందని బిల్డరు, దగ్గరకొచ్చేకొద్దీ పక్షి పెద్దగా పడుతుందని మనం. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, దాని చుట్టూ కూడా కాంక్రీటు లేస్తూనే ఉంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో చెరువుల పక్క కాలనీలు ఎన్నో మునిగాయి. సెల్లారులో కారు తేలిన రోజు నీళ్ళు కొత్త దారేమీ పట్టలేదు, పాత ఇంటికే వచ్చాయి. తామరాకుల మీద నడిచే జకానాలో గుడ్లు పొదిగేది మగపక్షి, ఆడది ఇంకో కాపురానికి వెళ్ళిపోతుంది. మట్టి పోసి తామరాకుల్ని పూడ్చేస్తే ఆ మగాడు ఎక్కడ పొదగాలి? దానికి పట్టా లేదు, స్టే తెచ్చుకునే వకీలూ లేడు.

కాబట్టి ఈ శాస్త్రం అభ్యసించదలచినవారికి ఒక మనవి. లెన్సు కొనేముందు హెచ్‌ఎండీఏ వారి చెరువుల పటం తీసి మీ ఫ్లాటు ఎక్కడుందో చూసుకోండి. గీతకు బయట ఉంటే సంతోషం, వల కన్నం వెతుక్కోండి. లోపల ఉంటే ఫొటోలు మానక్కర్లేదు గానీ, వాట్సాప్‌లో పెట్టేటప్పుడు కింద ‘మా ఇంటికి వచ్చిన అతిథి’ అని మాత్రం రాయకండి.