బండికి 12 నెలలు... మనిషికి?

ఆంధ్రా నంబరు బండి తమిళనాడులో 12 నెలలు దాటి ఉంటే టీఎన్ నంబరు కోసం దరఖాస్తు పెట్టాలి. మోటారు వాహనాల చట్టం, 47వ సెక్షన్.

ఏడాదికే బండి లోకల్!

మరి మనిషో? మదురైలో తెలుగువాడైన విశ్వనాథ నాయకుడి పాలన మొదలైంది 1529లో. అయిదొందల ఏళ్లు కావస్తోంది.

కోయంబత్తూరు నాయుడుగారిని బస్సులో పక్క సీటాయన నేటికీ అడుగుతాడు: "ఆంధ్రాలో ఏ ఊరండీ?"

ఇంట్లో తెలుగు. బళ్లో 2006 చట్టం ప్రకారం తమిళం. ఎన్నికలప్పుడు మాత్రం "వచ్చినవాళ్లు".

నిన్న దిగినవారికైనా, నాయకుల కాలంలో దిగినవారికైనా ఒకటే జాగ్రత్త: హెల్మెట్ మరవకండి. తలపాగాల్లో మినహాయింపు సిక్కుల దానికే. కిరీటానికి లేదు. మదురై తిరుమల నాయకుడే తను కట్టించిన మహలు ముందు స్కూటరెక్కినా 129వ సెక్షన్ కింద చలానా ఖాయం. (ఊరేదని కూడా అడుగుతారు.)

పాపం, కోయంబత్తూరు నాయుడుగారు రీ-రిజిస్ట్రేషన్‌కని ఆర్టీవో ఆఫీసు క్యూలో నిలబడతారేమో. ఎవరైనా చెప్పండి, 47వ సెక్షన్ బండ్లకే.