సేమ్ ఇండస్ట్రీ గారు

అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల చిట్టాలో మాత్రం ఉంది. హెచ్ఆర్ పిల్లల నుంచి క్యాంటీన్ కుర్రాడి దాకా అందరికీ ఆయన ‘సేమ్ ఇండస్ట్రీ గారు’. సూర్యాపేట జిల్లాలో ఫ్యాక్టరీ, హైదరాబాదులో హెడ్డాఫీసు ఉన్న ఒక సిమెంటు కంపెనీకి ఫైనాన్స్ హెడ్. రెజ్యూమే చేతికిస్తే చదువు చూడరు, ర్యాంకు చూడరు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కంపెనీల పేర్ల మీద వేలు నడిపిస్తారు. సిమెంటు తగిలితే టీ వస్తుంది. లేకపోతే మంచినీళ్లు.

ఆ మధ్య కాస్టింగ్ మేనేజర్ పోస్టుకి ఒకావిడ వచ్చింది. సీఎంఏ పాసై, ఇన్నేళ్లూ కోళ్ల దాణా మిల్లులోనే చేసింది.

“సిమెంట్ చేశారామ్మా?”

“లేదు సార్, దాణా.”

“దాణాకీ సిమెంటుకీ ఏం సంబంధం?”

ఉందని చెప్పింది ఆవిడ. మొక్కజొన్న లారీకెక్కినప్పటి బరువు మిల్లులో దిగేటప్పుడు ఉండదట. తేమ ఆరి ఎంత తగ్గింది, దారిలో దింపేసుకుంటే ఎంత తగ్గింది అని విడదీయడమే ఇన్నాళ్లూ తన పని. “మీకు బొగ్గుతో ఇదే తంటా కదా సార్. కుప్ప కొలిచి స్టాకు లెక్క కట్టడమూ అంతే. బస్తాలు డీలర్లకి అరువివ్వడం, ఏడాది చివర డిస్కౌంటుకి క్రెడిట్ నోట్లు రాయడం, అవీ అంతే.”

ఆయన శ్రద్ధగా విన్నారు. తలూపారు కూడా. “బాగా చెప్పావమ్మా. కానీ మొక్కజొన్న కోళ్లు తింటాయి. బొగ్గు తినవు.”

ఇంటర్వ్యూ అయిపోయింది.

సిమెంటువాళ్లే కావాలంటే దొరికేది మేళ్లచెరువు, మట్టపల్లి చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో. ఉన్న నలుగురే అన్ని కంపెనీలూ తిరుగుతుంటారు. ఈయన దగ్గర మానేసినవాడు పక్క కంపెనీలో తేలతాడు, అక్కడ మానేసి మళ్లీ ఈయన గదిలోనే కూర్చుంటాడు. మలుపు మలుపుకీ జీతం పెరుగుతుంది, పని మాత్రం అదే. వాళ్లు వెంట తెచ్చే ఆస్తి ఒక ఎక్సెల్ షీటు. ఒకసారి బోర్డు మీటింగులో కాస్ట్ షీటు తెర మీద వేస్తే, పైన పోటీ కంపెనీ పేరు అలాగే ఉంది. ఇంకొకరైతే సిగ్గుతో చచ్చేవారు. ఈయన ఎండీ వైపు తిరిగి, “చూశారా సార్, ఎగ్జాక్ట్ సేమ్ ఇండస్ట్రీ!” అన్నారట.

ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కొన్నిచోట్ల రంగం తెలియకపోతే కొంప మునుగుతుంది. వాయిదా 90 రోజులు దాటితే అప్పు మొండిబాకీ అవుతుందని తెలియనివాడిని బ్యాంకులో కూర్చోబెట్టలేం. ఫ్లాట్లు కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలని రెరా చట్టం చెబుతుంది, అది తెలియనివాడి చేతికి బిల్డరు చెక్‌బుక్కు ఇవ్వకూడదు. సిమెంటులోనూ సున్నపురాయి రాయల్టీ ఉంది, క్లింకర్ ఉంది, బట్టీ ఆపిన నెలలో ఖర్చులు ఎలా పంచాలన్న తలనొప్పి ఉంది. కాదనను. కానీ ప్రొడక్షన్ మేనేజర్ వెంట ఫ్యాక్టరీ తిరిగి, రెండు నెలాఖర్లు గడిపితే పట్టుబడే సంగతులవి. లెక్క తేడా పడినప్పుడు ఎక్కడ తవ్వాలో తెలియడం అలా పట్టుబడదు.

ఈయనకిది తెలియకా కాదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన నాటికి, ఎక్సైజులో తలపండిన ఈయనకి అందులో ఒక్కరోజు అనుభవం లేదు. దేశంలో ఎవరికీ లేదు. సెమినార్లకెళ్లి, నోట్సు రాసుకుని, కుర్రాళ్లని అడిగి నేర్చుకున్నారు. సిమెంటు మీద అప్పుడు వేసిన 28 శాతం 2025 సెప్టెంబరు 22న 18కి దిగినప్పుడూ బిల్లింగ్ ఎక్కడా ఆగనివ్వలేదు. మరి ఆ తెలివి ఇంటర్వ్యూ గదిలో ఏమవుతుంది?

మోటరోలాలోనూ ఏబీబీలోనూ పనిచేసి, 1994లో పెప్సికోలో చేరిన ఇంద్రా నూయీ అక్కడ సీఎఫ్ఓ అయ్యారు, 2006లో సీఈఓ కూడా అయ్యారు. చేరేనాడు ఈ గదికి వచ్చి ఉంటే “కూల్‌డ్రింకులు చేశారామ్మా?” అని అడిగి, మంచినీళ్లిచ్చి పంపేసేవారు.

అసలు గుట్టు వేరు. సిమెంటు నుంచి తెచ్చినవాడు చెడిపోతే, “ఆ లైన్లోనే అంతకాలం చేశాడు, నేనేం చేయను సార్” అని ఎండీ దగ్గర చేతులు దులుపుకోవచ్చు. దాణా ఆవిడ ఒక్క తప్పు చేసినా, “కోళ్లవాళ్లని ఎందుకు తెచ్చావయ్యా” అని అక్షింతలు పడేది ఈయనకే. ఆయన వెతికేది అనుభవం కాదు, పూచీకత్తు.

ఆవిడ ఒక పైపుల కంపెనీలో చేరిపోయింది. పోస్టు ఇక్కడ ఖాళీగానే ఉంది. మీలో ఎవరైనా సిమెంటు చేసి ఉంటే వెంటనే అప్లై చేయండి. షీటు మీద పాత కంపెనీ పేరు చెరపకండి.