21వ ప్రశ్నకు మిగిలిన జవాబు

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

నేను ఫస్టియర్‌లో ఉండగా, మన యూనివర్సిటీకి గ్రేడు వేసే న్యాక్ వాళ్ల స్టూడెంట్ సర్వే అంటూ మమ్మల్ని కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టారు. మొత్తం 21 ప్రశ్నలు. మొదటి 20కి ఏ ఆప్షన్ నొక్కాలో సార్లు బోర్డు మీద రాసిపెట్టారు కాబట్టి మాకు శ్రమ తప్పింది. ఆఖరిది మాత్రం సొంత మాటల్లో రాయాలి: చదువు చెప్పే తీరు బాగుపడటానికి మూడు సూచనలు ఇమ్మంది. 'గుడ్' అని కొట్టి లేవమన్నారు. కొట్టాను, లేచాను. మూడడిగితే ఒకటిచ్చి వచ్చిన బాకీ ఇన్నాళ్లూ పీకుతూనే ఉంది. అందుకే ఈ లేఖ.

ఆ సర్వే తర్వాత న్యాక్ బృందం వచ్చింది చూశారూ, వాళ్లను వెనక్కి పంపకుండా ఉండాల్సింది సార్. వాళ్లు వస్తున్నారనగానే క్యాంపస్‌కి పెళ్లికళ వచ్చింది. మెయిన్ బ్లాకు మెట్లకు రెండు పక్కలా పూలకుండీలు దిగాయి. తిరిగి లారీ ఎక్కించేటప్పుడు లెక్క తప్పకుండా నర్సరీ అతను ఒక్కో కుండీ మీద సుద్దతో నంబరు కూడా వేసుకున్నాడు. హాస్టల్ బాత్రూములకు గడియలు బిగించారు. అప్పటిదాకా తలుపుకు కాలు అడ్డంపెట్టి స్నానం చెయ్యడం సిలబస్‌లో భాగమేమో అనుకున్నాం. జిమ్ములో ట్రెడ్‌మిల్ మీద ప్లాస్టిక్ కవరు తీశారు. మావాడొకడు ఎక్కబోతే "ఫొటోలు అయ్యాక" అన్నారు పీడీ సారు. ఫొటోలయ్యాక మళ్లీ కవరు కప్పేశారు.

ఇక మెస్సు. ఆ మూడు రోజులూ పప్పులో పప్పు కనిపించింది. మామూలు రోజుల్లో గ్లాసుతో పోసే పెరుగు గరిటెకు అంటుకుని ఒక పట్టాన ఊడిరాలేదు. వడ్డించే అన్న నా ప్లేటు చూసి, "ఇంకో రెండు ఇడ్లీ వేసుకో తమ్ముడూ" అన్నాడు. పక్కనున్న మా రూమ్మేటుకి ఆ మాటకి భయమేసింది, ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. నాలుగో రోజు పొద్దున అదే కౌంటరు, అదే అన్న: "లైను కదలండి, కదలండి!" ఆయన్ని అనుకోవడానికేం లేదు. మేం కట్టేదాంట్లో కాంట్రాక్టరుకి ఎంత ముడుతుందో, అందులో వంటింటి దాకా ఎంత వస్తుందో మీకే తెలియాలి.

డబ్బంటే గుర్తొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన 2008లో మా మేనమామ ఇంజనీరింగులో చేరి, ఇంట్లో వాళ్లని పెద్దగా కష్టపెట్టకుండానే బయటపడ్డాడు. ఇక్కడ నా సీటుకి ఆ ఊసే లేదు. అది తెలిసే చేరాం కాబట్టి ట్యూషన్ ఫీజు చూసి మా నాన్న జడవలేదు. దాని కింద సన్న అక్షరాలు చదువుతున్నప్పుడే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డెవలప్‌మెంట్ ఫీజు, ల్యాబు ఫీజు, స్మార్ట్ కార్డు, ఫస్టియర్ నుంచే ప్లేస్‌మెంట్ ట్రైనింగ్. అన్నట్టు, నెలకు 20,000 రూపాయలు దాటని హాస్టల్ అద్దెకు, కనీసం 90 రోజులు ఉండేట్టయితే, జీఎస్టీ వద్దని 2024 జూన్‌లో కౌన్సిల్ నిర్ణయించింది. అందరూ సంతోషించారు. మేం మాత్రం ఆ అంకె మీ కంట పడకూడదని మొక్కుకున్నాం.

అడ్మిషన్ అప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలని యూజీసీ 2018లోనే చెప్పింది. నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఇంకా మీ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. వాటి గురించి నాకు బెంగ లేదు, ఆ గదికి ఏసీ ఉంది. కానీ మొన్న ఇంటర్న్‌షిప్ కోసం రెండు రోజులు చాలు, ఇవ్వండని అడిగితే నో డ్యూస్ తెమ్మన్నారు. దాని కోసం లైబ్రరీకి వెళ్తే హాస్టల్ సంతకం కావాలన్నారు, హాస్టల్లో అడిగితే అకౌంట్స్ సంతకం లేనిదే కుదరదన్నారు. అకౌంట్స్ మేడమ్ లంచ్‌కి వెళ్లారు.

ఆ తిరుగుడులో పోయిన క్లాసులే నా హాజరుని 75 కిందికి దించాయి. కండోనేషన్ ఫీజు కడితే సరిపోతుందట. డాక్టరు చీటీ కూడా జతచెయ్యాలన్నారు. నాకు జబ్బేం లేదు సార్, మీ అకౌంట్స్ సెక్షన్ ముందు నిలబడ్డానంతే. చీటీలో ఏ రోగం రాయించమంటారో సెలవివ్వగలరు.

ఇట్లు,
మీ విధేయుడు,
థర్డ్ ఇయర్, హాజరు 74 శాతం